పాత కంప్యూటర్లో రాతప్రతి

నాలుగేళ్ళ కిందట చనిపోయిన ఒక కథారచయిత సమగ్ర సంపుటి తేవాలని మేం కొందరం మిత్రులం పూనుకున్నాం. అచ్చయిన కథల్ని పత్రికల పాత సంచికల్లోంచి ఏరుకొచ్చాం. అచ్చు కానివి, సగంలో ఆగిపోయిన నవల, తోటి రచయితలకు రాసిన ఉత్తరాలు ఎక్కడున్నాయని ఇంట్లోవాళ్ళని అడిగితే అటక మీదికి చూపించారు. అక్కడ ఒక కంప్యూటర్ డబ్బా ఉంది. పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేసెయ్యాలని రెండుసార్లు కిందికి దించారట. మనసొప్పక మళ్ళీ పైకెక్కించారట. అంతకు ముందే బంధువుల కుర్రాడొకడు దాన్ని బాగు చేద్దామని విండోస్ కొత్తగా ఎక్కించి చూశాడట. అందరిదీ మంచి ఉద్దేశమే. ఆ మంచి ఉద్దేశం వల్లనే నవలలో కొంత భాగం ఇక ఎన్నటికీ దొరక్కుండా పోయింది.

ఇది ఒక్క రచయిత సంగతి కాదు. 1990ల చివరి నుంచి మన రచయితలు ఒక్కొక్కరే కాగితం వదిలి కీబోర్డు పట్టుకున్నారు. ఆ తరంలో చాలామందికి ఇప్పుడు వయసు మీద పడింది, కొందరు లేనేలేరు. వాళ్ళ రాతప్రతులు అటకల మీదా మంచాల కిందా పాత యంత్రాల్లో ఉన్నాయి. కాగితానికి చెద పడుతుందని మనకు తెలుసు. ఈ కొత్త రాతప్రతికి పట్టే చెద ఎలాంటిదో చాలామందికి తెలియదు. ఇది మెకానిక్కుల విషయం, సాహిత్యానికి సంబంధించింది కాదు అనేవాళ్ళున్నారు. తాళపత్రం ఎలా పట్టుకోవాలో, ఎలా చదవాలో తెలియకుండా ప్రాచీన సాహిత్యంలో పరిశోధన సాధ్యమా? కాకపోతే ఇదీ అంతే. రచన భావాల ప్రపంచానికి చెందిందే అయినా అది ఏదో ఒక పదార్థం మీదనే నిలుస్తుంది. ఆ పదార్థం స్వభావం తెలుసుకోవడం పరిశోధనలో మొదటి పని.

1. రాత ఎక్కడుంది?

కంప్యూటర్ పాడైందంటే అందులో రాసిందంతా పోయిందని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. పాత కంప్యూటర్ పనిచెయ్యకపోవడానికి కారణం తరచుగా పవర్ సప్లై కాలిపోవడమో, మదర్‌బోర్డు చెడిపోవడమో అయి ఉంటుంది. రాత వాటిలో లేదు, హార్డ్ డిస్క్‌లో ఉంది. దాన్ని విప్పి బయటికి తీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలాసార్లు ఫైళ్ళు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి.

హార్డ్ డిస్క్ అంటే గట్టిగా మూసిన పెట్టెలో నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరిగే నున్నని పళ్ళేలు. వాటి మీద అయస్కాంత పూత ఉంటుంది. రాసే, చదివే హెడ్ ఆ పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో కదులుతుంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నింటిలో కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. 2000 తర్వాతి మామూలు ఇంటి కంప్యూటర్లో 40 గిగాబైట్ల డిస్క్ ఉండేది. అదెంత చోటో లెక్క వేసి చూద్దాం. ఈనాడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ఒక కథలో 15,000 సంకేతాలున్నాయనుకుంటే 45,000 బైట్లు. ఆ లెక్కన 40 గిగాబైట్లలో దాదాపు 9 లక్షల కథలు పడతాయి. అంటే ఒక రచయిత జీవితకాలపు కృషి ఆ డిస్క్‌లో ఒక మూలకు వస్తుంది. మనకు ఆశ ఉన్నది ఇక్కడే. ఆ మూల మీద మరొకటి వచ్చి పడకపోతే రాత అక్కడే ఉంటుంది.

2. చెరపడం అంటే ఏమిటి?

గ్రంథాలయంలో పుస్తకాల పట్టీ ఉంటుంది. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో అందులో రాసుంటుంది. పట్టీలో పేరు కొట్టేసినంత మాత్రాన బీరువాలో పుస్తకం మాయం కాదు. కాకపోతే ఆ చోటు ఖాళీ అనుకుని గుమాస్తా రేపో మాపో అక్కడ మరో పుస్తకం పెడతాడు. కంప్యూటర్లో ఫైలు డిలీట్ చెయ్యడం దాదాపు ఇలాంటిదే. పాత ఫ్యాట్ పద్ధతిలో ఫైలు పేరులో మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే గొలుసు చెరుగుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఆ ఫైలు నమోదు వాడుకలో లేదని గుర్తు పడుతుంది. రెండింటిలోనూ అసలు రాత పళ్ళెం మీద అలాగే ఉంటుంది. త్వరగా చేసే ఫార్మాట్ కూడా పట్టీని కొత్తగా రాస్తుందే తప్ప బీరువాల జోలికి పోదు. ఎక్స్‌పీ కాలంలో పూర్తి ఫార్మాట్ కూడా అంతే, లోపాలున్న చోట్లు వెతికి ఊరుకునేది. విస్టా నుంచి మాత్రం పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఆ తర్వాత వెతకడం వృథా.

దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, రాతను నిజంగా నాశనం చేసేది చెరపడం కాదు, దాని మీద మళ్ళీ రాయడం. మా మిత్రుడి నవల విషయంలో జరిగింది ఇదే. కుర్రాడు ఎక్కించిన విండోస్ డిస్క్‌లో ఒకటి రెండు గిగాబైట్ల చోటు ఆక్రమించింది. నవల అధ్యాయాల్లో కొన్ని సరిగ్గా ఆ చోట్లోనే ఉన్నాయి. రెండోది, పాత డిస్క్ కొత్తవాటి కన్నా క్షమాగుణం గలది. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో ఉండే ఎస్ఎస్‌డీలలో పళ్ళేలూ లేవు, హెడ్డూ లేదు. ఫైలు చెరపగానే ఆ చోటు ఇక అక్కర్లేదని ట్రిమ్ అనే ఆదేశం వెళుతుంది, ఎస్ఎస్‌డీ దాన్ని తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. కనక ఇరవై ఏళ్ళ కిందటి కథ దొరకొచ్చు, నిన్న చెరిపిన కథ దొరక్కపోవచ్చు.

3. పని పద్ధతి

ముందు చెయ్యకూడని పనులు చెప్పుకోవాలి, ఎందుకంటే నష్టమంతా వాటి వల్లే జరుగుతోంది. ఏళ్ళ తరబడి మూలన పడున్న కంప్యూటర్‌ను "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనుకోవద్దు. విండోస్ మేలుకోగానే తన తాత్కాలిక ఫైళ్ళు డిస్క్ మీద రాయడం మొదలుపెడుతుంది. డిస్క్ బయటికి తీసి మరో యంత్రానికి తగిలించినప్పుడు "ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యమంటారా?" అని అడిగితే వద్దనాలి. "లోపాలు సరిచెయ్యమంటారా?" అని అడిగినా వద్దనే చెప్పాలి. సరిచెయ్యడమంటే అక్కడ రాయడమే. డిస్క్‌లోంచి టక్ టక్‌మని ఒకే రకం చప్పుడు పదే పదే వస్తుంటే హెడ్ దెబ్బతిందని అర్థం. వెంటనే కరెంటు తీసెయ్యాలి. తిరిగే ప్రతి నిమిషమూ పళ్ళేన్ని గీకెయ్యవచ్చు. మూత విప్పి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టడం వంటి చిట్కాలు జనంలో ఉన్నాయి. మొదటిదానివల్ల దుమ్మూ, రెండోదానివల్ల చెమ్మా చేరి మిగిలిన అవకాశం కూడా పోతుంది. అలాంటి డిస్క్‌ను దుమ్ము లేని ప్రత్యేక గదిలో విప్పే నిపుణులకే ఇవ్వాలి. దానికి వేలల్లో ఖర్చవుతుంది. ఒక్క కుటుంబం మోయలేని ఆ బరువును సాహిత్య సంస్థ పంచుకోవడం న్యాయం.

చప్పుడు లేకుండా సవ్యంగా తిరిగే డిస్క్ అయితే పని మనమే చేసుకోవచ్చు. 2003కు ముందువాటికి వెడల్పాటి, 40 పిన్నుల ఐడీఈ కేబుల్ ఉంటుంది. తర్వాత వచ్చిన సాటా కేబుల్ సన్నగా ఉంటుంది. రెండింటికీ పనికొచ్చే యూఎస్‌బీ అడాప్టర్లు కంప్యూటర్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతాయి. డెస్క్‌టాప్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్క్‌కు విడిగా 12 వోల్టుల కరెంటు ఇవ్వాలి, యూఎస్‌బీ ఒక్కటే చాలదు.

తగిలించాక మొదటి పని ఫైళ్ళు వెతకడం కాదు. మొత్తం డిస్క్‌కు, ఖాళీగా కనిపించే చోట్లతో సహా, మక్కీకి మక్కీ నకలు తియ్యాలి. దీన్ని ఇమేజ్ అంటారు. ఉచితంగా దొరికే గ్నూ డీడీరెస్క్యూ అనే సాధనం ఈ పని చేస్తుంది. చదవడానికి వీలైన చోట్లు ముందు చదివేసి, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు చదివిందో విడిగా రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్ళీ మొదటికి రానక్కర్లేదు. నకలు తీసుకున్నాక అసలు డిస్క్‌ను జాగ్రత్తగా దాచిపెట్టి, ఇక ఏ ప్రయోగమైనా నకలు మీదనే చెయ్యాలి. 19వ శతాబ్దం పూర్వార్ధంలో కడపలో సి.పి. బ్రౌన్ పండితుల్ని జీతాలకు పెట్టి చేయించింది కూడా ఈ పనే. తాళపత్ర ప్రతులు సేకరించడం, నకళ్ళు రాయించడం, ప్రతుల్ని పోల్చి చూడటం. ఆ పద్ధతి మనకు కొత్త కాదు.

నకలులో ఫైళ్ళు మామూలుగానే కనిపిస్తే అదృష్టం. విండోస్ పాస్‌వర్డ్ తెలియకపోయినా ఫైళ్ళు చదవొచ్చు. ఆ పాస్‌వర్డ్ యంత్రం లోపలికి పోనివ్వడానికే గాని రాతకు తాళం కాదు. ఎన్‌క్రిప్షన్ చేసిన డిస్క్ అయితే మాత్రం తాళంచెవి లేనిదే ఏమీ చెయ్యలేం. విభాగాలు కనిపించకపోతే టెస్ట్‌డిస్క్, చెరిగిపోయిన ఫైళ్ళకైతే ఫోటోరెక్ అనే సాధనాలు, ఇవీ ఉచితమే, ఉపయోగపడతాయి. ఫోటోరెక్ పట్టీని నమ్ముకోదు. వర్డ్ ఫైలు, పీడీఎఫ్ ఫైలు ఏదైనా మొదట్లో ఒక నిర్ణీతమైన గుర్తుతో మొదలవుతుంది. ఆ గుర్తుల్ని డిస్క్ అంతటా వెతికి అక్కడి నుంచి ఫైలు ఏరుకుంటుంది. అందుకే అలా వచ్చినవాటికి పాత పేర్లుండవు. ముక్కలుగా చెదిరిన ఫైలు సరిగా రాకపోవచ్చు. దొరికినవాటిని ఎప్పుడూ మరో డిస్క్‌లోకే తీసుకోవాలి. అదే డిస్క్‌లో పెడితే ఇంకా దొరకనివాటి మీద దొరికినవాటిని రాసినట్టవుతుంది.

4. రెండో తాళం

ఇంతా చేసి ఫైలు తెరిస్తే తెరమీద ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. "వైరస్ పట్టింది, పనికిరాదు" అని చెరిపేసినవాళ్ళను నేనెరుగుదును. అది వైరస్ కాదు, తెలుగే. ఇది ఇంగ్లీషు రచయితకు లేని చిక్కు, కనక మనం ప్రత్యేకంగా అర్థం చేసుకోవాలి.

భారతీయ లిపులకు ఇస్కీ అనే జాతీయ ప్రమాణం 1991లో ఖరారైంది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాల చోటు దక్కింది. కాని విండోస్‌లో యూనికోడ్ తెలుగు 2001లో, ఎక్స్‌పీతో గాని రాలేదు. ఈలోగా మన పత్రికలూ ప్రచురణలూ ఆగలేదు, ఆగవు కూడా. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు వాడుకలోకి వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, వత్తులు కూర్చిపెట్టడం వీటి పద్ధతి. ఏ స్థానంలో ఏ ముక్క అన్నది ఒక్కో ఫాంటుది ఒక్కో ఏర్పాటు. ఫైలులో ఉన్నది ఆ స్థానాల సంఖ్యలే. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి ఇంగ్లీషు గుర్తులుగా కనబడక తప్పదు. అందులో "అమ్మ" అని వెతికితే దొరకదు, ఎందుకంటే యంత్రానికి తెలిసినంతవరకు అందులో "అమ్మ" లేదు.

అందుచేత పాత డిస్క్‌లోంచి రచనలతో పాటు విండోస్ ఫోల్డరులోని ఫాంట్ల ఫోల్డరును కూడా తప్పకుండా నకలు చేసుకోవాలి. రచయిత వాడిన ఫాంటు అందులోనే ఉంటుంది. అది లేకపోతే రాత ఉండీ లేనట్టే. ఫాంటు తెలిశాక యూనికోడ్‌లోకి మార్చే మార్పిడి సాధనాలున్నాయి. వాటిని గుడ్డిగా నమ్మకూడదు. వత్తులు పక్క అక్షరానికి పోవడం, అరసున్నలూ బండి ఱలూ మాయం కావడం, అంకెలు అక్షరాలైపోవడం మామూలే. పాత ఫాంటుతో ఒకసారి కాగితం మీద అచ్చు తీసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని, మార్చిన ప్రతిని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. పేజ్‌మేకర్ ఫైళ్ళది మరో ఇబ్బంది. 1985లో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్ చివరి కూర్పు 2001లో వచ్చింది. ఇప్పటి ఇన్‌డిజైన్ దాని ఫైళ్ళను తెరవదు. పేజ్‌మేకర్ ఎక్కించి ఉన్న పాత యంత్రం ఎక్కడో ఒకచోట బతికుండాలి.

ఇక్కడే మనం మరిచిపోయిన ఒక మనిషిని గుర్తుచేసుకోవాలి. డీటీపీ ఆపరేటర్ని. మన పుస్తకాల్లో చాలావాటిని రచయిత చేతిరాత చూసి, అర్థం కాని చోట అడిగి, రాత్రింబగళ్ళు కూర్చుని కంపోజ్ చేసింది వాళ్ళే. ఏ ముందుమాటలోనో ఒక వాక్యం తప్ప వాళ్ళ శ్రమకు చరిత్రలో చోటు లేదు. రచయిత కంప్యూటర్లో దొరకని ఫైలు ఆపరేటర్ దగ్గరి పాత సీడీలో దొరకొచ్చు. ఏ ఫాంటు, ఏ కీబోర్డు, ఏ కూర్పు అన్నది చూడగానే చెప్పగలిగేదీ వాళ్ళే. మాకు సరిగ్గా అలాగే జరిగింది. మేం రెండు వారాలు తల బాదుకున్న ఫైళ్ళను మిత్రుడి మొదటి సంపుటి కంపోజ్ చేసిన ఆపరేటర్ అరగంటలో చదివి వినిపించింది.

5. దొరికినదాన్ని ఎలా చదవాలి?

దొరికిన రాత ఒక్కటిగా రాదు. ఒకే కథ నాలుగు ఫైళ్ళుగా, తాత్కాలిక ఫైళ్ళుగా, మెయిల్‌కు జోడించిన ప్రతిగా, పేరు లేని ముక్కగా దొరుకుతుంది. ఏది తుది ప్రతి? కన్యాశుల్కం 1897లోనూ, బాగా మార్చిన రూపంలో 1909లోనూ అచ్చయింది గనక రెండింటినీ పోల్చి గురజాడ ఆలోచన ఎటు నడిచిందో చెప్పగలుగుతున్నాం. కంప్యూటర్లో మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ముందటి రూపం కనుమరుగవుతుంది. పాత డిస్క్‌లో మిగిలిన తాత్కాలిక ఫైళ్ళు ఒక్కోసారి ఆ పోయిన రూపాల్ని బయటపెడతాయి. అనవసరపు చెత్త అని వాటిని పారెయ్యకూడదు.

తేదీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫైలు తేదీ యంత్రం గడియారాన్ని బట్టి పడుతుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి, తరచుగా 1980 జనవరి 1కి పోతుంది. ఆ తేదీ చూసి ఈ కథ ఎమర్జెన్సీ తర్వాతి తొలి ఏళ్ళలో రాసిందని సిద్ధాంతవ్యాసం రాస్తే నవ్వులపాలవుతాం. కథలోని సాక్ష్యం, ఉత్తరాల సాక్ష్యం, ఫైలు సాక్ష్యం మూడూ పోల్చాకే నిర్ణయానికి రావాలి.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న మరొకటుంది. దొరికిందల్లా అచ్చు వెయ్యొచ్చా? డిస్క్‌లో కథలతో పాటు ఇంటి లెక్కలూ, ఇతరులు నమ్మి రాసిన ఉత్తరాలూ, రచయిత తానే వద్దనుకుని చెరిపేసినవీ ఉంటాయి. ఇంగ్లీషు నవలాకారుడు టెరీ ప్రాచెట్ కోరిక మేరకు, అసంపూర్తి రచనలున్న ఆయన హార్డ్ డిస్క్‌ను 2017లో రోడ్డు రోలరు కింద తొక్కించారు. ఇంకోపక్క సల్మాన్ రష్దీ తన పాత యాపిల్ కంప్యూటర్లను కాగితాలతో పాటు అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. 2010లో ఆ భాండారం తెరిచినప్పుడు, రష్దీ రాసుకున్న తెర ఎలా ఉండేదో అలాగే పరిశోధకులు చూసే ఏర్పాటు చేశారు. రెండు చోట్లా నిర్ణయం రచయితదే. మన దగ్గర రచయితలు ఆ నిర్ణయం చెప్పకుండా పోతున్నారు. అప్పుడు బాధ్యత కుటుంబం మీదా, సంస్థ మీదా పడుతుంది. సాహిత్యం ప్రజల ఆస్తి అన్న మాట నిజమే, కాని ఆ మాట చెప్పి మరో మనిషి ఉత్తరాన్ని సొంతదారు అనుమతి లేకుండా బజారున పెట్టే హక్కు మనకు లేదు. ముందు జాబితా తయారుచెయ్యాలి. రచనలు, ఉత్తరాలు, సొంత విషయాలు విడదీయాలి. సొంత విషయాలు చదవకుండానే ఇంటివాళ్ళకు అప్పగించాలి.

మా మిత్రుడి సంగతికొస్తే, ఆయన కథలు డిస్క్ రెండో విభాగంలో ఉన్నాయి. కుర్రాడు దాని జోలికి పోలేదు గనక 31 ఫైళ్ళూ భద్రంగా దొరికాయి. వాటిలో ఆరు ఎక్కడా అచ్చు కానివి. నవల మాత్రం డెస్క్‌టాప్ మీద ఉండేది. పన్నెండు అధ్యాయాల్లో ఎనిమిది పూర్తిగానూ, రెండు ముక్కలుగానూ వచ్చాయి. మిగిలిన రెండు లేవు. వాటిని ఊహించి పూరించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మేం ఒప్పుకోలేదు. సంపుటిలో ఆ చోట్లు ఖాళీగా వదిలి, ఎందుకు ఖాళీగా ఉన్నాయో కింద రాస్తున్నాం.

బతికున్న రచయితలు ఈ అవస్థ తమవాళ్ళకు రాకుండా చూసుకోవడం పెద్ద పనేం కాదు. రచనలు యూనికోడ్‌లో ఉంచుకోవాలి. మూడు ప్రతులు, కనీసం రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి మరో ఊళ్ళో, ఒక మిత్రుడి దగ్గర ఉండాలి. ఏవి చూడొచ్చో ఏవి చూడకూడదో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. సంస్థ జిల్లా శాఖలు ఒక్కొక్కటీ ఒక అడాప్టర్, ఒక పెద్ద డిస్క్, నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న ఇద్దరు యువ మిత్రులను సమకూర్చుకుంటే ఆ జిల్లాలో అటకల మీదున్న డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. ఆలోగా, మీకు తెలిసిన రచయిత ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే, దాన్ని ఆన్ చెయ్యవద్దనీ, అమ్మవద్దనీ వాళ్ళతో ఒక మాట చెప్పి రండి.